అర్జీ రాసింది నేనే

ఐటీఐ రెండో ఏడు, పదిహేడేళ్ల వయసులో, నేను మా ఇన్‌స్ట్రక్టర్‌కు ఒక అర్జీ రాశాను. మూడు అంశాలు: వర్క్‌షాపులో గ్రైండర్ చక్రాన్ని కప్పే గార్డు లేదు, దాని మీద పనిచేసే ఆరుగురికీ కలిపి ఒకటే గాగుల్స్, గార్డు బిగించేదాకా ఆ యంత్రం మీద పని చేయం. కింద ఇద్దరం సంతకం పెట్టాం, నేనూ, నా పక్క బెంచీ స్నేహితుడూ. పెట్టే ముందు అతను నవ్వాడు.

"ఇంత నీటుగా రాస్తే ఎవురు బయపడతారు రా?"

మాది రాగులు, మామిడి పండించే ఇల్లు. అతనిది ఊరిగాంలో గని కార్మికులకు కట్టిన పాత లైను ఇళ్లలో ఒకటి.

మరుసటి రోజు ఇన్‌స్ట్రక్టర్ నన్నొక్కణ్ణే పిలిచారు.

"రైతు బిడ్డవి. ఆ లైను పిల్లోని సావాసం నీకెందుకప్పా? వాళ్లకి గలాటా రక్తంలోనే ఉండాది."

"సార్, రాసింది నేను. వాడు సంతకం మాత్రమే పెట్టినాడు."

"చూడు, వాన్ని కాపాడేదానికి తప్పు నీమీద ఏసుకుంటా ఉండావు. ఇంగ సంస్కారం అంటే ఇదే."

చేతిరాత చూడమన్నాను. "వాడు చెప్పినాడు, నువ్వు రాసినావు," అన్నారు. అతను చెప్పలేదని ఎలా రుజువు చేయాలి? ప్రతి వాక్యమూ నాది. తిరుగుబాటు మాత్రం అతనిదని అప్పటికే తేలిపోయింది. గార్డు ఆ వారమే బిగించారు, అంటే అడిగింది తప్పేమీ కాదు.

తర్వాత వేమగల్‌లోని ఒక ఫ్యాక్టరీకి అప్రెంటిస్‌ల జాబితా వెళ్లింది. నేను అరగంట ఆకురాయి పట్టే అంచును అతను పది నిమిషాల్లో సాపు చేసేవాడు. జాబితాలో నా పేరుంది, అతనిది లేదు. నాదీ కొట్టేయమని ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగాను. మా నాన్నకు ఫోన్ చేశారు. నేను చేరడానికి ఒప్పుకున్నాను. ఈ వాక్యం రాయడం నాకు ఇప్పటికీ కష్టమే.

చేరే ముందు ఊరిగాం వెళ్లాను. అతను ఇంట్లో లేడు, మాలూరులో ఇటుక బట్టీ పనికి పోయాడు. వాళ్లమ్మకు జరిగిందంతా వరసగా చెప్పాను: ఆలోచన నాది, రాత నాది, పని ఆపుదామన్నదీ నేనే. ఆమె శ్రద్ధగా వింది.

"నువ్వు మంచోడివప్పా, అట్లనే చెప్తావు. వానికీ కొంచెం బుద్ధి చెప్పు. నీ మాదిరి ఉండమను."

"అది కాదమ్మా," అని మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను.

ఆమె నా చేతిలో ఇంకో బిస్కెట్ పెట్టింది.