చెట్టును పైకి పిలిచిన గొంతు

ముప్పయ్యో అంతస్తు స్లాబు మీద ఆమె మడులు కట్టేది. ఇసుకా సిమెంటూ కలిపి బెత్తెడు ఎత్తున గట్లు పోసి, గట్ల మధ్య నీళ్ళు వదిలేది. కొత్త కాంక్రీటుకు దాహం ఎక్కువ. తడి ఆరిందా, నెర్రెలిస్తుంది. అందుకని పొద్దస్తమానం రబ్బరు గొట్టం భుజాన వేసుకుని స్లాబు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరుగుతుండేది. గాలి నిలిచిన ఉదయాల్లో ఆ మడుల్లోకి మబ్బులు దిగేవి. గట్ల మీద నడుస్తుంటే పైన ఏదో కింద ఏదో కాసేపు తెలిసేది కాదు. గొట్టం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయేది.

"నీళ్ళక్కా, తడుపుతోంది స్లాబునా, మబ్బుల్నా?" అని తోటి ఆడవాళ్ళు ఆట పట్టించేవాళ్ళు. సైటులో అందరికీ ఆమె నీళ్ళక్కే. ఇంజనీరుకు కూడా.

ఊరంటే ఆమెకు తెలిసిందల్లా ఆ ఎత్తు నుంచి కనిపించేదే. ఎటు చూసినా క్రేన్లు. ఒక్కో క్రేనూ ఒక్కో భవనాన్ని చెవి పట్టుకుని నేలలోంచి పైకి లాగుతున్నట్టుండేది. నిన్న ఖాళీగా ఉన్నచోట ఇవాళ ఇనప చువ్వలు మొలిచేవి. తమ సైటులో లేస్తున్నవి రెండు టవర్లు. కింద దుకాణాలు, వాటి మీద ఆఫీసులు, ఆఫీసుల మీద ఇళ్ళు. సగం ఎత్తులో రెంటినీ కలుపుతూ ఒక వంతెన. ఆ వంతెన మీద తోట వస్తుందని చెప్పుకునేవాళ్ళు. ఆమె నమ్మింది. గాల్లో ఊరే లేచి నిలబడుతుంటే తోట ఒక లెక్కా.

క్రేను మీద, అద్దాల గదిలో కూర్చునేది ఆమె అన్నయ్య. పొద్దున్నే నిచ్చెన ఎక్కాడంటే సాయంత్రానికి గానీ నేల మీద కాలు పెట్టడు. సైటులో అతన్ని పైనాయన అంటారు. కింద ఎవడైనా పని మానేసి బీడీ ముట్టిస్తే, "పైనాయన చూస్తున్నాడ్రా" అని పక్కవాడు ఆకాశం వైపు వేలు చూపించేవాడు.

కానీ పైనాయనకూ కనిపించని చోటు ఒకటుంది. మొదటి టవరు వెనకాల ఏం జరిగినా అతనికి తెలీదు. వెనక వీధి, వంతెన, రెండూ ఆ టవరు చాటునే. తాడు టవరు పక్కనుంచి దిగి మాయమవుతుంది. దాని కొసనున్న హుక్కు ఎక్కడుందో, హుక్కు కింద ఎవరున్నారో చూసే దారి లేదు. అప్పుడతను వాకీటాకీలో ఒక గొంతును నమ్ముకుని బరువు కదుపుతాడు. ఆ గొంతు ఆమె భర్తది.

ఆ పనికి ఒకటే కట్టుబాటు. బరువు గాల్లో ఉన్నంతసేపూ మాట ఆగకూడదు. "పైకి, పైకి, పైకి" అని వినిపిస్తూనే ఉండాలి. మాట ఆగిందంటే క్రేను కూడా ఆగిపోవాలి. బ్యాటరీ అయిపోయిందో, మనిషే పడిపోయాడో పైవాడికి ఎలా తెలుస్తుంది? ఆమె భర్తకు ఆ బెంగ లేదు. పుట్టినప్పుడు మొదలుపెట్టిన మాట ఇంకా ముగించలేదని వాళ్ళమ్మే అనేది. సైటులో పెట్టిన పేరు రేడియో.

"కిందికి, కిందికి, కిందికి. బావా, మీ చెల్లెలు ఇవాళ చొక్కాకి గుండీ కుట్టమంటే గుండీ బదులు పిన్నీసు పెట్టింది. కిందికి, కిందికి. అడిగితే రెండూ మూతపడేవేగా అంటుంది. జానెడు కిందికి. బెత్తెడు. ఆగు."

ఇంజనీరు కొన్నాళ్ళు కోప్పడి ఊరుకున్నాడు. ఇన్నేళ్ళలో రేడియో దించిన బరువు ఒక్కటీ పక్కకు పోలేదు మరి.

అలాంటి గొంతు పోయింది. మొదట బొంగురుపోయింది, తర్వాత అరిగిపోయింది. డాక్టరు లోపల ఏదో కోసి తీసి, ప్రాణానికి భయం లేదు గానీ మాట మునుపటిలా రాదన్నాడు. మిగిలింది ఎండుటాకుల మీద ఎవరో నడిచినంత చప్పుడు. సైటులో అతన్ని సామాన్ల గదికి మార్చారు. ఇంట్లో చేతులతో నెట్టుకొచ్చేవాడు, అదీ క్రేను సైగలతోనే. చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఇంకొంచెం వడ్డించమని. రెండు చేతులూ అడ్డంగా చాస్తే ఇక చాలని.

"నేనేమన్నా క్రేనునా?" అనేది ఆమె.

"క్రేనైతే మాట వింటుంది" అనేవాడు, చెవి దగ్గరికొచ్చి.

ఒక ఆదివారం, రేకుల గదిలో ముగ్గురూ కూర్చుని ఉండగా ఆమె అడిగింది. "అన్నయ్యా, ఆ వాకీటాకీ నాకిప్పించు."

"ఎందుకు, పాటలు వింటావా?"

"ఆయన చెప్పేవన్నీ నాకూ వచ్చు. ఇన్నేళ్ళూ పక్కనే గొట్టం పట్టుకుని విన్నాను."

"వినడం వేరు, చెప్పడం వేరు. అయినా హుక్కు కింద నువ్వున్నావంటే నాకు చేతులాడవు."

"మీ బావ ఉంటే ఆడాయిగా?"

"బావ ఉంటే అప్పుడప్పుడు చెయ్యి దురద కూడా పెట్టేది."

రేడియో నవ్వాడు. భుజాలు ఊగడం చూసి నవ్వాడనుకోవాలి. కానీ ఆమె నవ్వలేదు. స్లాబుల పని చివరికొచ్చింది. ఆఖరి స్లాబు ఆరిందంటే నీళ్ళ పని అయిపోతుంది. ఆ తర్వాత ఆమెకు కిందే పని. దుకాణాల్లో నేల తుడవడమో, మట్టి మోయడమో. తాను తడిపి పెంచిన ఎత్తు మీద తనకిక కాలు పెట్టే పనుండదు.

"ఈ ఒక్కటీ అడిగాను నిన్ను" అంది. "ఇంకేమీ అడగను."

ఇంజనీరు ఆమెను సిగ్నల్ శిక్షణకు పంపాడు. పరీక్ష గట్టెక్కింది. "కానీ నీళ్ళక్కా, చివరి మాట మీ అన్నయ్యదే. నీ గొంతు మీద అతనికి నమ్మకం కుదరకపోతే పక్క సైటు నుంచి వేరే అతన్ని తెప్పిస్తాను" అన్నాడు.

మొదటి రోజులు బాగానే నడిచాయి. ఇనప కమ్మీల కట్టలు, ఇటుకల తొట్లు, పైపులు. "పైకి, పైకి, ఎడమకి, ఆగు." పైనాయన ఒక్క ముక్క మాట్లాడకుండా చెప్పింది చెప్పినట్టు చేశాడు. అప్పుడొచ్చింది అద్దం.

వంతెన పక్కకు బిగించే నిలువెత్తు అద్దాల చట్రం అది. వెనక వీధిలోంచి నిటారుగా లేచింది. ఆమె వంతెన మీద నిలబడి "పైకి, పైకి" అంటూనే ఉంది. అద్దంలో ముందు వీధి కనిపించింది. తర్వాత మేడలు, మేడల మీద ఆరేసిన బట్టలు, దూరంగా మిగతా క్రేన్లన్నీ. అద్దం కొంచెం వంగేసరికి ఊరంతా ఒక్కసారి జారిపోయి దాని నిండా ఆకాశం నిలిచింది. ఆకాశమే తాడుకు కట్టుకుని పైకొస్తోంది. ఒక తెల్లని మబ్బు చట్రం ఈ అంచున పుట్టి ఆ అంచుకు నడిచిపోతోంది.

ఆమె నోట మాట ఆగింది.

పైన క్రేను ఆగింది. అద్దం నడిమధ్య వేలాడింది. వంతెన మీది పనివాళ్ళు ఆమె వైపు చూశారు. వాకీటాకీ గరగరలాడింది. "ఏమైంది? ఉన్నావా? మాట్లాడు." అన్నయ్య గొంతులో అలాంటి వణుకు ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఉన్నానన్నయ్యా. పైకి. పైకి" అంది. అద్దం దిగింది. చిన్న పగులైనా రాలేదు. కానీ సాయంత్రం పైనాయన నిచ్చెన దిగి, మొహం కూడా కడుక్కోకుండా నేరుగా వాళ్ళ గదికొచ్చాడు.

"పడిపోయావనుకున్నాను" అన్నాడు. "అంతకన్నా ఇంకేం చెప్పను. నా వల్ల కాదమ్మా. ఇంజనీరుకు చెప్పేస్తాను."

"భయపడి ఆగలేదన్నయ్యా. బాగుందని ఆగాను."

"హుక్కుకు ఆ రెంటికీ తేడా తెలీదు."

ఆమె తల వంచుకుంది. అతనన్నది నిజమే. అప్పుడు మూల కూర్చున్న రేడియో లేచి, ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడ్డాడు. డాక్టరు మాట్లాడొద్దన్నా మాట్లాడాడు. వాళ్ళిద్దరూ తలలు దగ్గరికి వంచితే గానీ వినపడలేదు.

"నాకూ అలాగే అయ్యేది బావా."

"ఏంటి?"

"అక్కడ నిలబడితే. అంతేసి బరువు దూదిపింజలా వస్తుంటే. నోరు మూస్తే చూస్తూ ఉండిపోతానని తెలుసు నాకు. అందుకే వాగేవాణ్ణి. పిన్నీసులూ గుండీలూ అన్నీ అందుకే."

పైనాయన బావ వైపు తిరిగాడు. "ఇన్నేళ్ళూ నీది నోటి దురద అనుకున్నాను" అన్నాడు.

రేడియో రెండు చేతులూ అడ్డంగా చాచాడు, ఇక చాలని. తర్వాత వేలు భార్య వైపు చూపించి, పైకెత్తి గుండ్రంగా తిప్పాడు.

"రేపు వంతెన తోటకు చెట్టు వస్తోంది" అన్నాడు పైనాయన, గుమ్మం దగ్గర ఆగి. "పక్క సైటు అతను కూడా ఉంటాడు. ఇంకో వాకీటాకీతో నీ పక్కనే నిలబడతాడు. నువ్వు ఆగితే అతను అందుకుంటాడు. అతను నోరు తెరిచాడంటే మాత్రం, నువ్విక గొట్టం పట్టుకో."

మర్నాడు ఉదయం వెనక వీధి నిండా చెట్టే. ఎక్కడో రోడ్డు వెడల్పు చేస్తూ తవ్వి తీసిన చెట్టు. వేళ్ళ చుట్టూ మట్టి ముద్దను గోనెలతో, ఇనప వలతో బిగించి కట్టారు. గాల్లో తిరిగిపోకుండా పట్టుకోవడానికి పక్క తాళ్ళు కట్టి, కొసలు వంతెన మీది పనివాళ్ళకు అందించారు. లారీ మీద పడుకోబెట్టిన కొమ్మలు వీధి గోడను రాసుకుంటున్నాయి. ఆమె వంతెన అంచున బెల్టు తగిలించుకుని నిలబడింది. పక్కన కొత్తతను, గుబురు మీసాల మనిషి, వాకీటాకీ పెదవుల దగ్గర పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కాస్త దూరంలో ఇంజనీరు. వంతెన మీద పనివాళ్ళంతా చేతిలో పని వదిలేశారు.

"తాడు బిగుతుగా ఉంది" అంది ఆమె. "పైకి, నెమ్మదిగా. పైకి. అన్నయ్యా, లేచి కూర్చుంటోంది. పైకి, పైకి. నిలబడింది. లారీ వదిలింది. పైకి."

చెట్టు నేలను విడిచింది. ఆకుల మీద పేరుకున్న దుమ్మంతా ఒక్కసారి రాలి, వీధిలో చిన్న పొగమంచులా పరుచుకుంది. కిందెవరో తుమ్మారు. చెట్టు దుకాణాల అద్దాలను దాటింది. ఆఫీసుల్లోకి తొంగిచూస్తూ లేచింది.

"పైకి, పైకి. దుమ్ము దులుపుకుంటోంది అన్నయ్యా. లోపల ఇంత పచ్చగా ఉంటుందనుకోలేదు. పైకి. కింద గాలి లేదు గానీ ఇక్కడ ఆకులన్నీ కదులుతున్నాయి. పైకి, పైకి. దీనికింత ఎత్తు కొత్త, కొమ్మలన్నీ దగ్గరికి తీసుకుంటోంది. పైకి."

ఆమె గొంతు సన్నగా ఉంది, కానీ ఆగడం లేదు. గుండెలో ఏదో నిండిపోతుంటే దాన్నే మాటలుగా తోడి పోస్తోంది. కళ్ళ ఎదుటికి ముందు తల కొమ్మలు వచ్చాయి. తర్వాత మాను, తర్వాత గోనెల్లో మట్టి. ఏ నేలా లేని చోట, ఆకాశం మధ్య, ఒక చెట్టు నిటారుగా నిలబడి ఉంది. దాని కింద అంతా ఖాళీ. ఆ ఖాళీలో దూరంగా, చాలా దూరంగా, బొమ్మ లారీ ఒకటి.

అప్పుడే రెండు టవర్ల సందులోంచి గాలి వచ్చింది. చెట్టు తెరచాపలా గాలిని పట్టుకుంది. మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. వెయ్యి ఆకులు ఒకేసారి వెనక్కి మళ్ళి, తెల్లని అడుగువైపులు చూపించి మెరిశాయి. ఇంజనీరు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. కొత్తతని నోరు తెరుచుకునే ఉంది గానీ అందులోంచి ఏమీ రాలేదు.

"ఆగు. ఆగు అన్నయ్యా. ఆగే ఉండు" అంది ఆమె. "తిరుగుతోంది. నువ్వేం చెయ్యొద్దు. ఆగే ఉండు. పక్క తాళ్ళు లాగండి, మీరు కాదు, ఎర్ర హెల్మెటాయనా, మీరు లాగండి. అన్నయ్యా, ఆగే ఉండు. ఎంత బాగుందో, ఆగే ఉండు. ఆకులు వెండిలా అయ్యాయి. తిరగడం తగ్గింది. ఇంకా తగ్గింది. గాలి పోయింది. ఇటు తిరిగి నిలబడింది. ఇప్పుడు కుడికి, మూరెడు. కుడికి. జానెడు. ఆగు. కిందికి, కిందికి, కిందికి."

మట్టి ముద్ద గుంతలోకి దిగుతుంటే వంతెన సన్నగా అదిరింది. ఆమె పాదాల్లోకి ఆ అదురు వచ్చింది.

"బెత్తెడు కిందికి. ఆగు. కూర్చుంది అన్నయ్యా. తాడు వదులు."

కొత్తతను వాకీటాకీ దించి, దాని వంక ఒకసారి చూసి, నడుముకు తగిలించేసుకున్నాడు. "మనకిక్కడ పనేం లేదండీ" అన్నాడు ఇంజనీరుతో. ఇంజనీరు హెల్మెట్ మళ్ళీ పెట్టుకుని ఆమె వైపు తలూపాడు. పనివాళ్ళు గోనెలు కోయడానికి వంగారు. కోసినచోట తడి మట్టి వాసన, ఆ ఎత్తులో ఎన్నడూ లేని వాసన, వంతెన అంతా పరుచుకుంది.

వెనక వీధిలోకి ఇంకో లారీ వచ్చింది, దాని మీద ఇంకో చెట్టు. ఆమె అంచు దగ్గరికి వంగి చూసింది. హుక్కు ఖాళీగా, నెమ్మదిగా ఊగుతూ ఎండలో మెరుస్తోంది.

వాకీటాకీలో కాసేపు గరగర. తర్వాత అన్నయ్య గొంతు.

"నాకు ఇక్కణ్ణుంచి ఏమీ కనపడదు" అన్నాడు. "రెండోది మొదలుపెడదాం. చెప్పు."