కొరియా పిల్ల వండిన దేవుడి బియ్యం

నాన్న రిటైరయ్యాక కోల్‌కతా పక్కనున్న టికియాపారాలో రైల్వే క్వార్టర్ అప్పజెప్పేసి మేం న్యూ టౌన్ వైపు వచ్చేశాం. ఇక్కడ వంటగట్టుకి నున్నటి నల్లరాయి, కుళాయి తిప్పితే నీళ్లు, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ పొద్దున్నే బియ్యం కడుగుతుంటే నాకు ఆ పాత వంటగదే గుర్తొస్తుంది. దాంతోపాటు అక్కడ మాతో ఒక వారం ఉండి వెళ్లిన కొరియా పిల్లా గుర్తొస్తుంది.

వాళ్ల చర్చి కొంతమంది పిల్లల్ని సేవకని కోల్‌కతా పంపితే, అందులో ఒకమ్మాయిని మా తెలుగు చర్చికి ఇచ్చారు. మా చర్చిలో అందరూ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికీ, కార్పొరేషన్ పనికీ వచ్చినవాళ్లే. నేనప్పుడు మొబైల్ షాపులో కౌంటర్ దగ్గర నిలబడేదాన్ని. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు కాబట్టి పాస్టర్‌గారు ఆమెను మా ఇంటికే అప్పగించారు. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒక్కలాంటివే. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది.

“నేను పని చేయడానికి వచ్చాను అక్కా,” అంది వచ్చిన రోజే. అక్కా అనడం నేనే నేర్పాను.

ఇంటికొచ్చిన దైవసేవకురాలిచేత ఎవరు పని చేయిస్తారు చెప్పండి? చీపురు పట్టుకుంటే అమ్మ లాక్కునేది. కంచం తీయబోతే “థాక్, థాక్” అనేది, అంటే బెంగాలీలో వద్దులే, ఉండనీ అని. ప్రార్థనకి ఏ ఇంటికెళ్లినా ఆమెకు కుర్చీ, కుర్చీ మీద కొత్త తువ్వాలు, ప్లేట్లో రసగుల్లాలు, ఆ తర్వాత అన్నం, కోడికూర. మేమంతా నేల మీద. వారం సగం గడిచేసరికి ఆ పిల్ల ముఖం కడుక్కుంటున్నట్టు నటిస్తూ కుళాయి దగ్గర ఏడ్చింది. సెలవు ఇవ్వలేదని కేఫ్‌లో పని మానేసి మరీ వచ్చిందట.

“ఇంటికెళ్లి ఏం చెప్పను అక్కా? కూర్చున్నాను, తిన్నాను అని చెప్పనా?”

నాకు జాలేసి అమ్మతో అన్నాను, ఏదో ఒక పని చెప్పమని.

“ఒలే, ఆ గుంటచేత అంట్లు తోమిస్తే రేపు చర్చిలో నాకు మొకముంటాదేటి?” అంది అమ్మ.

మర్నాడు పొద్దున్న అమ్మ వీధి కుళాయి దగ్గర వరసలో ఉంది. నేను స్నానం చేసి వచ్చేసరికి వంటగదిలోంచి అన్నం ఉడికిన వాసన. కొరియా పిల్ల స్టవ్ ముందు నిలబడి నవ్వుతోంది. ఎవరూ ఆపకముందే అందరికీ అన్నం వండేసిందట. పక్కన చిన్న సత్తు డబ్బా కడిగి బోర్లించి ఉంది.

అది పిడికెడు బియ్యం డబ్బా. మా చర్చి ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి, చిన్న ప్రార్థన చెప్పుకుని విడిగా వేస్తారు. అవి దేవుడివి. ఇంట్లో గింజ లేకపోయినా వాటి జోలికి పోరు. మా డబ్బాలోవి ఆదివారం నాడు మా క్వార్టర్ల లైను చివర ఒక్కతే ఉండే మామ్మకి వెళ్లేవి. మేం తినే బియ్యం అటక మీద ఉంటాయని ఆ పిల్లకేం తెలుసు?

అమ్మ బకెట్ దించి చూసింది.

“దేవుడి బియ్యం వండీసినాదే,” అంది మెల్లిగా.

“డబ్బాలో వేరేవి పోసేద్దాం కదమ్మా.”

“అలాగెలా? ప్రార్థన సేసి ఏసిన బియ్యం అవి. మనం తినకూడదు, పారబొయ్యకూడదు.”

నాకొచ్చిన ఇంగ్లీషులో ఆమెకు చెప్పాను. ఆమె వెళ్లి సంచిలో బట్టలు పెట్టుకోవడం మొదలెట్టింది.

అమ్మ ఆ గిన్నెకి మూత పెట్టి, అడుగున గుడ్డ చుట్టి, తీసుకెళ్లి ఆ పిల్ల చేతుల్లో పెట్టింది.

“ఎవలివి ఆలకి ఇచ్చీమను. ఉడికితే బియ్యం కాకుండా పోతాదేటి? నువ్వూ ఎల్లు,” అంది నాతో.

మామ్మ ఒకప్పుడు ఆసుపత్రిలో ఊడ్చే పని చేసేది. నోరు పెద్దది. మేం వెళ్లి గిన్నె ముందు పెడితే మూత తీసి చూసింది.

“ఇయాల ఆదివారం కాదు గదే. ఇది అన్నమా, ముద్దపప్పా?”

జరిగింది చెప్పాను. మామ్మ ఆ పిల్లని కిందా మీదా చూసింది.

“నాకు వండెట్టినోలు ఎన్నాలయి ఎవలూ నేరు. కూకోమను. ఉల్లిపాయా మిరపకాయా ఉన్నాయి.”

“మేం తినకూడదు మామ్మా.”

“నాకిచ్చీసినాక అవి నాయి. తిను.”

ముగ్గురం తిన్నాం. తిన్నాక మామ్మ కంచాలు ఆ పిల్ల ముందుకి తోసింది. “తోమీమను. నా నడుం ఒంగదు.”

నేను ఇంగ్లీషులో చెప్పే పని లేకపోయింది. అప్పటికే ఆమె కంచాలెత్తుకుని కుళాయి వైపు పరుగెత్తింది.

“సబ్బంతా అరగదీసీకు. అడుగు సూడు, అడుగు,” అని మామ్మ గుమ్మంలోంచి తిడుతూనే ఉంది. ఆ పిల్ల నవ్వుతూ తోముతూనే ఉంది.

మిగిలిన రోజులు పొద్దున్నే అక్కడికే. గది ఊడ్చింది, దుప్పట్లు ఉతికింది, మామ్మ తలకి నూనె రాసి జడేసింది. లైన్లో ఒకావిడ అమ్మని దెప్పింది కూడా, “సుట్టానిచేత ఊడిపిస్తన్నావంట?” అని. “మామ్మనే అడుగు,” అంది అమ్మ. మామ్మని అడిగే ధైర్యం ఎవరికుంది?

ఆదివారం ఆరాధనలో ఆమెను సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు తనకి చేసిన మేలు అందరి ముందూ చెప్పడం. తెలుగులో చెప్పడానికి పక్కన నేను. పెద్ద పెద్ద మాటలొస్తే ఎలాగా అని నాకు చెమటలు పడుతున్నాయి. ఆమె లేచి, “నేను గిన్నెలు తోమాను. మామ్మ నన్ను తిట్టింది. నాకు చాలా సంతోషంగా ఉంది,” అని కూర్చుంది. నేనూ అంతే చెప్పాను. అందరూ ఇంకా ఏదో ఉందని ఎదురుచూస్తున్నారు.

వెనక చాప మీంచి మామ్మ గొంతు వినిపించింది.

“పొద్దుటి గిన్నెలు అలాగే ఉన్నాయి. ఎల్లేముందు ఓపాలి రమ్మనే.”

చర్చంతా నవ్వింది. అదేమిటో నేను ఇంగ్లీషులో చెప్పీ చెప్పకముందే ఆ పిల్ల గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది.