కోళ్లు తిన్న ఇటలీ

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని మా ఇలవేల్పు మీదా, మొన్ననే రంగు వేయించిన నా మీసం మీదా ఒట్టేసి చెబుతున్నాను. నా ఒట్టు ఎంత పెద్దదైతే అబద్ధం అంత పొడుగుంటుందని మా ఆవిడ అంటుంది గానీ, ఆవిడ మాట పట్టించుకోకండి.

పోయిన వారం విజయనగరంలో ఒక పెద్ద కొట్లో అమ్మకాల పిల్ల మమ్మల్ని ఆపి, చిన్న చెంచాలో ఆలివ్ నూనె పోసి రుచి చూడమంది. నాలిక మీద వేసుకోకముందే వాసన తగిలింది. లేత గోగాకు అరచేతిలో వేసి నలిపితే వచ్చే పచ్చి వాసన. సీసా మీద మోకాలి దాకా బూటు తొడిగిన కాలులాగా ఇటలీ బొమ్మ ఉంది.

"ఏటలాగుండిపోనావు? దాని దర సూసేవా? దీపానికి పోసినా దండగే," అంది మా ఆవిడ.

నేను అప్పటికే అక్కడ లేను. ఆరో తరగతిలో, మా ఊరి బడి వసారాలో, కోళ్లు తోలుతూ ఉన్నాను.

మా ఊరి నుంచి చీపురుపల్లి స్టేషనుకు రెండు గంటల నడక. అన్నీ మెట్ట చేలు. వాన పడితే గోగూ, మేము చోళ్లనే రాగులూ, వేరుశనగా, పడకపోతే ఆకాశం. కోసిన గోగు కట్టలు నార కోసం నీటి గుంటల్లో ఊరేస్తే పది రోజులకల్లా ఊరంతా ఒకటే కుళ్లు కంపు. చుట్టాలు ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చేవారు, మేము మాత్రం ఆ కంపులోనే చోడంబలి తాగి, ఉల్లిపాయ కొరుక్కుని, నార తీసేసిన తెల్లటి పుల్లలతో చీకటి పడేదాకా కత్తియుద్ధాలు చేసేవాళ్లం. కోడికూర అమ్మవారి పండగనాడే. మిగతా రోజుల్లో గుడ్డు పెట్టిన కోడి ఇంకా అరుస్తుండగానే ఆ గుడ్డు సంతకి బయల్దేరేది.

నార అమ్మేయగానే ఊళ్లో మగవాళ్లు గోనెసంచిలో కొడవలి చుట్టుకుని గోదావరి జిల్లాల కోతలకు రైలెక్కేవారు. ఆ రైలు ఎంత కిక్కిరిసి ఉండేదంటే, లోపలివాళ్లంతా కలిసి ఊపిరి వదిలితే గానీ బయటివాడికి చోటు దొరికేది కాదు. మా చిన్నాన్న ఒకసారి కాళ్లు నేలకు ఆనకుండానే రాజమండ్రి దాకా వెళ్లాడు. ఉత్తరానికి పోయే ప్లాట్‌ఫారం మీద మేకలు పడుకునేవి. మా నాయనమ్మ దక్షిణం అన్న మాటే అనేది కాదు. "మీ అయ్య అటెల్లేడు. ఎండలు ముదిరితే వస్తాడు," అనేది. వెళ్లినవాడి కంచం తోమి, తుడిచి, అటక మీద పెట్టేది. వాడు తిరిగొచ్చి అడిగేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ ఏడు అటక మీద మా అయ్యది, చిన్నాన్నది, పదహారేళ్లు నిండని మా అన్నది, మూడు కంచాలున్నాయి.

ఊరంతా దక్షిణం పోతుంటే దక్షిణం నుంచి మా ఊరికొచ్చిన ఒకే ఒక్క మనిషి సత్యనారాయణ మాస్టారు. సోషలు చెప్పేవారు. గోదావరి గట్టు మనిషి. మా ముందుగదిలో ఉంటూ మాతోనే తినేవారు. మొదటిసారి చోడంబలి చూసి, "ఇది తాగడానికాండి, గోడకి పుయ్యడానికాండి?" అని అడిగారు. నెల తిరిగేసరికి రెండో గిన్నె అడగడం నేర్చారు. మాటకి ముందొక "ఆయ్", వెనకొక "ఆయ్". మేము ఆ "ఆయ్"లు వేళ్ల మీద లెక్కపెట్టి పందేలు కాసేవాళ్లం. మా అయ్య లేని ఆ నెలల్లో నాకు ఈత నేర్పిందీ, జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆస్పత్రికి నడిచిందీ ఆయనే. చొక్కా జేబులో కూతురి ఫోటో ఉండేది. పాకే పిల్ల. ఆయన ఇంటికి వెళ్లివచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల ఆయన్ని చూసి ఏడ్చిందని చెప్పి నవ్వేవారు.

ఇటలీ పాఠం వచ్చింది. బడికి మ్యాపు లేదు. మాస్టారు వసారాలో గోగుపుల్లలు పేర్చి బూటు కట్టారు. పైన ఉత్తరంలో వడ్లు పోశారు, కింద దక్షిణంలో చోళ్లు చల్లారు.

"పైనోళ్లకి నదులున్నాయి, కరెంటుంది, కార్ల ఫ్యాక్టరీలున్నాయండ్రా. కిందోళ్లకి ఎండలు, రాళ్లు, మేకలు, ఆలివ్ చెట్లు. పని లేదు. అట్టపెట్టెకి తాడు కట్టుకుని రైలెక్కి పైకి పోతారు, ఆయ్. దేశం ఒకటే. కంచాలే వేరు."

"ఆ మేకలు మావేనండి," అన్నాడు వెనక నుంచి ఎవడో.

మాస్టారు నవ్వలేదు. "మీవేరా," అన్నారు.

గంట కొట్టగానే కోళ్లు దిగాయి. అవి చోళ్ల వైపు చూడనైనా చూడలేదు. ఉత్తర ఇటలీని గింజ మిగల్చకుండా తినేశాయి.

మర్నాడే ఇన్‌స్పెక్షను. పిల్లలు బాగా చెప్పారని ఇన్‌స్పెక్టరు గారు రాస్తే మాస్టారికి సొంతూరి బదిలీ ఖాయం. రాత్రి భోజనం దగ్గర ఆయన నాయనమ్మతో ఆ మాట చెప్పి, "అప్పలనాయుడు ఉన్నాడు కదండీ, నాకు బెంగ లేదు," అంటూ నా వీపు తట్టారు.

"బేగి ఎల్లు బాబూ. పిల్ల నడిసీ ఈడు," అంది నాయనమ్మ. అంటూనే ఒకసారి అటక వైపు చూసింది.

పొద్దున అందరికంటే ముందు నేనే బడికి వెళ్లి, వసారా ఊడ్చి, ఖాళీ అయిన ఉత్తరంలో మళ్లీ వడ్లు పోశాను. ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. సాలూరు వైపు మనిషి. కోటు తొడుక్కున్నా మాట దాగలేదు. మాస్టారు నన్ను నిలబెట్టారు.

"ఇటలీలో కలిగినోళ్లు ఎటేపుంటారు బాబూ?"

"దచ్చినానుంటారండి."

మాస్టారి చేతిలో సుద్దముక్క విరిగింది.

"ఎలాగ సెప్తన్నావు?"

"మాయయ్య అటే ఎల్తాడండి. సిన్నాన్నా అటే ఎల్లేడండి. కూడూ పనీ అటే ఉంటాయండి. ఉత్తరానికి ఎవులెల్తారండి, మేకలు తప్ప."

ఇన్‌స్పెక్టరు గారు కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు. "ఈ గుంటడు సెప్పిందే రైటు మాస్టారూ," అంటూ లేచి, ఇటలీని చుట్టివచ్చి అవతలి వైపు కూర్చుని, బూటుని తలకిందులుగా చూశారు. అక్కడికక్కడే బదిలీ కాగితం మీద సంతకం పెట్టారు. ఊరు ఊరంతా మేళంతో వెళ్లి మాస్టారిని రైలెక్కించింది. మాస్టారికి దారి ఇవ్వడానికి ఆ రోజు పెట్టెలో జనం ఊపిరి వదిలి మళ్లీ సామర్లకోటలోనే పీల్చుకున్నారు.

ఈ కథ నేను పెళ్లిళ్లలో, బస్సుల్లో, మంగలి షాపులో చెప్పాను. అందరూ నవ్వారు. ఇప్పుడు మా ఊళ్లో గోగు లేదు, ఊరేసే గుంటలు పూడ్చి ఇళ్లు కట్టారు, చోళ్లు పొట్లాల్లో షుగరున్నవాళ్ల కోసం అమ్ముతున్నారు. అటకలున్న ఇళ్లూ లేవు. రైలు మాత్రం అటే పోతోంది, అలాగే నిండి.

ఇక ఒట్టు సంగతి. ఇన్‌స్పెక్టరు గారు కళ్లజోడు తుడుచుకోలేదు. "పిల్లలకు దిక్కులు తెలియవు" అని రాసి, మజ్జిగ తాగి, బస్సుకి వెళ్లిపోయారు. సంతకమూ మేళమూ నేను అల్లినవి.

ఆ తప్పు జవాబు కూడా నేను తెలిసి తెలిసి అల్లిందే. ఆ పొద్దున ఉత్తరంలో వడ్లు పోసింది నేనే కదా. నాలుగోదిగా మాస్టారి కంచం అటకెక్కడం చూడలేకపోయాను.

సాయంత్రం మాస్టారు మ్యాపు ఎత్తేస్తూ ఉత్తరం వైపు వడ్లు గుప్పిట పట్టి, నా అరచెయ్యి తిప్పి చూశారు. వేళ్ల సందుల్లో వడ్ల నూగు ఇంకా ఉంది. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత, "రాత్రికి కూరేంట్రా?" అన్నారు.

ఇంకో ఏడాది ఆయన మాతోనే తిన్నారు. ఆయన కూతురు ఆయన లేకుండానే నడిచింది. గోడ వదిలేసి నిలబడ్డ ఫోటో పోస్టులో వచ్చింది. దాన్ని ఆయన ముందుగా నాకే చూపించారు.