చార్జింగ్ మింగే టాబ్లెట్

మా చర్చిలో తెలుగు పాటలు పాడేవాళ్లలో సగంమందికి తెలుగు చదవడం రాదు. నేనూ ఆ సగంలోనే ఉన్నాను. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి హిందీ బడిలో చదివాను. అందుకని పాటలన్నీ హిందీ అక్షరాల్లో టైపు చేసుకుని, టాబ్లెట్‌లో చూసి పాడతాను.

నిరుడు అది పాడైపోతే, కొత్తది కొనడానికి నేనూ మా ఆవిడా వెళ్లాం. దుకాణం అతను రెండు చూపించాడు. రెండింటికీ బ్యాటరీ ఒకటే.

"ఇది లేలో భయ్యా. ప్రాసెసర్ బహుత్ తేజ్. పెద్ద పెద్ద గేములు కూడా ఆగవు."

మా ఆవిడ అప్పటికే ఫోన్‌లో వెతికింది. "ఆ ప్రాసెసర్ పాత రకమంట. స్పీడుంది గానీ చార్జింగ్ తెగ తాగేస్తాది, వేడెక్కిపోతాది. రెండోది నెమ్మదిదే, తక్కువ కరెంటుతో నడుస్తాది. మీరు చూసేది పాటలే కదా?"

"రేపు అవసరం పడొచ్చు," అన్నాను.

నేను మొదటిదే తీసుకున్నాను. ఆమె రెండోది తనకోసం కొనుక్కుంది.

ఈ ఎండాకాలం ఫెరార్గంజ్‌లో బంధువుల ఇంట ప్రార్థన కూడిక పెట్టారు. లంబాలైన్‌లో మా ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు నా టాబ్లెట్ నిండా చార్జింగ్ ఉంది. బస్సులో దారంతా ఒక గేము ఆడి చూశాను. దుకాణం అతను చెప్పింది నిజమే, ఎక్కడా ఆగలేదు. దిగేసరికి చార్జింగ్ అడుగంటింది.

అక్కడ రేకుల షెడ్డు, మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు. రెండో పాట మధ్యలో తెర మసకబారింది. టాబ్లెట్ చేతిలో కాలుతోంది. కాసేపటికి ఆరిపోయింది. పల్లవి ఒక్కటే నాకు నోటికి వచ్చు కాబట్టి మళ్లీ మళ్లీ అదే పాడాను. జనమూ పాడారు. పాస్టర్ గారు కళ్లు తెరిచి నావైపు చూశారు.

మా ఆవిడ ఆడవాళ్ల వరసలోంచి లేచి వచ్చి, తన టాబ్లెట్‌లో అదే పాట తీసి నా ముందు పెట్టింది. తెలుగు అక్షరాలు. ఆమెది శ్రీకాకుళం.

"నాకు రాదు," అన్నాను మెల్లగా.

"తెలుసు. నేను అందిస్తాను, పాడండి."

ఒక్కో లైనూ ఆమె చదివింది, నేను పాడాను. తర్వాత ఆమె అందించడం మాని తానే పాడటం మొదలుపెట్టింది. నేను వెనక పడ్డాను.

"దీదీ గొంతు బాగుంది. ఇకనుంచి ఇద్దరూ పాడండి," అన్నారు పాస్టర్ గారు, భోజనాల దగ్గర.

తిరుగు బస్సులో ఆమె ఇల్లు చేరేదాకా తన టాబ్లెట్‌లో వార్తలు చదువుకుంటూనే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు సాయంత్రాలు ఆమె దగ్గర తెలుగు నేర్చుకుంటున్నాను. ఒత్తు వచ్చినచోటల్లా ఆగిపోతాను. ఆమె తొందరపెట్టదు.