ఫోటో వచ్చేదాకా ఆగమన్నాను

2011 ఏప్రిల్. శంషాబాద్ విమానాశ్రయంలో వాతావరణం చూసే ఆఫీసు, పగటి డ్యూటీ నాది. గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఎంత ఎత్తులో ఉంది, ఉరుములు వస్తాయా రావా అని విమానాలకు చెప్పడం నా పని. బయటివాళ్లకు ఇది జ్యోతిషంలా కనిపిస్తుంది. మా బావగారైతే "మీరు వానన్నారంటే నేను గొడుగు ఇంట్లో పెట్టి వెళ్తాను" అంటారు. నేనూ నవ్వుతాను. ఆ ఏప్రిల్ సంగతి మాత్రం ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆకాశం కబురు మాకు ముఖ్యంగా రెండు దారుల్లో వచ్చేది. ఒకటి శాటిలైట్ ఫోటో. అది అరగంటకొకటి వస్తుంది, మా తెర మీదికి చేరేసరికే పాతబడిపోతుంది. రెండోది పైరెప్, అంటే పైలట్ రిపోర్ట్. మబ్బు పక్కనుంచి దిగే పైలట్ కళ్లారా చూసినదాన్ని కంట్రోల్ టవర్‌కు చెబుతాడు, టవర్ వాళ్లు మాకు ఫోన్ చేస్తారు. తాజా కబురు అదే. అయినా మా ఆఫీసులో దానికి పూచికపుల్ల విలువ ఉండేది కాదు. "ఒక్క పైలట్ మాట పట్టుకుని ఊగకయ్యా, ఫోటోలో పడనీ" అనేవారు మా పెద్ద ఆఫీసరు. మార్చిలో నేను ఆ మాట వినకుండా, ఒకే పైలట్ మాట మీద హెచ్చరిక ఇచ్చాను. విమానాశ్రయంలో గంటసేపు బయట పనులన్నీ ఆపేశారు. చినుకు పడితే ఒట్టు! మర్నాడు నా చేతిలో మెమో పెట్టారు. ఇరవై ఏళ్ల సర్వీసులో అదే మొదటిది. నాకు అన్నం సహించలేదు.

మా గదులు ఊడ్చి తుడిచే యాదమ్మది పక్కనే ఉన్న మామిడిపల్లి. వాళ్ల పొలంలో పెద్ద ముక్క విమానాశ్రయం కిందికే పోయింది. మిగిలిన కాస్తలో భర్త సత్తయ్య వరి వేసేవాడు. మార్చిలో నేను హెచ్చరిక రాస్తుంటే ఆమె ఇంటికి ఫోన్ చేసింది. సత్తయ్య చేను వదిలి, పశువుల్ని తోలుకుని ఇంటికి పరుగెత్తాడట. వాన రాకపోయేసరికి వాడంతా నవ్వింది, అందరికంటే ఎక్కువ సత్తయ్యే నవ్వాడు. "ఏమే, మీ సారు మబ్బుల్ని ఏడికి పంపిండు?" అని వారం రోజులు ఏడిపించాడట. అది చెప్పి ఆమె కూడా పడీపడీ నవ్వింది. నాకు మాత్రం చురుక్కుమంది.

ఏప్రిల్లో ఆ రోజు మూడు దాటాక టవర్ నుంచి ఫోన్ వచ్చింది. దిగుతున్న పైలట్ పడమర వైపు పెద్ద ఉరుము మబ్బు చూశాడట. వడగళ్లు, విపరీతమైన కుదుపులు, లోపల ఆగకుండా మెరుపులు. తూర్పుకు కదులుతోందని చెప్పాడు. నేను గట్టిగా చదువుతూ రిజిస్టర్‌లో రాసుకుంటున్నాను. కిటికీ దగ్గర తుడుస్తున్న యాదమ్మ ఆగిపోయింది.

"సార్, ఇంటికి ఫోన్ గొట్టాల్నా? ఆయన కల్లంల ఉన్నడు. వడ్లు ఎండబోసిండ్రు."

నేను తెర వైపు చూశాను. అందులో ఉన్నది పాత ఫోటో. పడమర చిన్న తెల్లని చుక్క, అంతే. మెమో గుర్తొచ్చింది. సత్తయ్య నవ్వు కూడా గుర్తొచ్చింది. ఎందుకు దాచాలి?

"ఆగమ్మా, ఫోటో రానీ. మళ్లీ నవ్వులపాలు కావడం ఎందుకు?"

"గట్లనే సార్" అంది. ఫోన్ చేతిలో పట్టుకుని గోడ పక్కన నిలబడింది.

పాతిక నిమిషాల తర్వాత ఫోటో వచ్చింది. చుక్క పోయి, పడమరంతా తెల్లటి ముద్దయింది. పైలట్ చెప్పినది చెప్పినట్టే ఉంది. నేను హెచ్చరిక మీద సంతకం చేస్తూనే "చెయ్యి యాదమ్మా, చెయ్యి!" అని అరిచాను. రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. మూడోసారి ఎవరో ఎత్తారు. అవతలి మాట వింటూ ఆమె ఫోన్ చెవికి పెట్టుకునే కింద కూలబడింది.

వానకు ముందే పిడుగు పడింది. కల్లంలో వడ్లు కుప్ప చేస్తున్న సత్తయ్య అక్కడే పోయాడు.

విమానాశ్రయంలో మాత్రం అన్నీ సవ్యంగా జరిగాయి. చిన్న విమానాల్ని తాళ్లతో కట్టేశారు, బయట ఉన్నవాళ్లంతా లోపలికి చేరారు, ఒక్క విమానానికి గీత పడలేదు. పెద్ద ఆఫీసరు నా భుజం తట్టి "చూశావా, ఫోటో వచ్చాక ఇస్తే ఎంత పద్ధతిగా ఉందో!" అన్నారు. ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఆగమన్నది ఆయన కాదు, నేను.

దినాలయ్యాక యాదమ్మ పనిలోకి వచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక, "నాదే తప్పమ్మా" అన్నాను. ఆమె బకెట్ కింద పెట్టింది.

"ఫోన్ చేతిలనే ఉండె సార్. మీరు ఆగమన్నరు, ఆగిన."

మళ్లీ బకెట్ ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఏ మూలో కాస్త తేలికపడేవాణ్ణి.

ఆ తర్వాత మా పని చాలా మారింది. విమానాలు ఎగురుతూనే తమ చుట్టూ ఉన్న గాలి వేగం, వేడి వాటంతటవే పంపుతున్నాయి. వాటిని శాటిలైట్ లెక్కలతో కలిపి కంప్యూటర్లు ముందే చెబుతున్నాయి. అంచనాలు మెరుగుపడ్డాయి, అది నిజం. ఆ సంగతి గొప్పగా చెప్పిన సభలో నేనూ చప్పట్లు కొట్టాను. మనిషి నోటితో చెప్పిన కబురు మాత్రం ఆ రోజూ అందింది. దాన్ని పక్కన పెట్టుకుని కూర్చున్నది నేనే. ఇప్పుడు పైలట్ మాట వస్తే ఫోటో కోసం ఆగను. మెమో ఇస్తే ఇవ్వనీ.

2014 మేలో ఒక మధ్యాహ్నం మళ్లీ అలాంటి పైరెప్ వచ్చింది. చదువుతూనే యాదమ్మకు చెబుదామని తల తిప్పాను. ఆమె అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుని మరిదితో మాట్లాడుతోంది. "జల్ది ఇండ్లకు పోండ్రి. అందరికి చెప్పు." నా వైపు చూడలేదు, నన్ను అడగలేదు.

ఆ రోజు మబ్బు ఎటో చెదిరిపోయింది. సాయంత్రం దాకా ఎండే. ఆమె వెళ్లబోతుంటే నోరు జారాను.

"వాడవాళ్లు మళ్లీ నవ్వుతారేమో యాదమ్మా."

"నవ్వనియ్యి సార్" అంది, కొంగు దోపుకుంటూ. "అప్పుడు నవ్వెతందుకు ఆయన ఉండె."