దీనమ్మ పిసినారితనం

జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్ ఊళ్ళోని తెలుగువాళ్ళకు దీనమ్మ పిసినారితనం ఒక కాలక్షేపం. కార్ల సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం చేస్తూ కూడా మోచేతుల దగ్గర అరిగిన కోటే వేసుకుంటుంది, ఆఫీసుకు పెరుగన్నం పట్టుకెళ్తుంది, ఎవరేం మాట్లాడినా పెదవి ఓ పక్కకు విరుస్తుంది. ఆమె జీతం ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఉక్రెయిన్‌లో శత్రుసైన్యం ఆక్రమించిన ఒక ఊళ్ళో చాటుగా పోరాడేవాళ్ళకు అది వైర్‌లెస్ సెట్లుగా, మందులుగా మారి చేరుతుంది. ఆ ఊరి నుంచి పారిపోయి వచ్చిన లరీసా ఒకప్పుడు ఆమె పక్కవాటాలో ఉండేది, అలా మొదలైంది. చెప్పుకుంటే ఈ జనం చప్పట్లు కొడతారని దీనమ్మకు తెలుసు. ఆ చప్పట్లంటేనే ఆమెకు రోత.

ఆదివారం షారన్ ఇంట్లో తెలుగువాళ్ళకు విందు. బిర్యానీ తింటూ రూఫస్ అన్నాడు: "ఆ ఉక్రెయినోళ్ళు లొంగిపోతే గొడవొదిలిపోద్ది కదండీ. రష్యా గ్యాసు మళ్ళీ వచ్చి మన హీటింగ్ బిల్లులన్నా తగ్గుతాయి." అందరూ తలలూపారు. దీనమ్మ ఫోన్‌లో అప్పుడే లరీసా కబురు వచ్చింది. సెట్లు చేరవేసే మనిషి సైన్యానికి దొరికిపోయాడు, అతని చెల్లెలు ఆ పనికి ముందుకొచ్చింది, సెట్లు మళ్ళీ కావాలి. దీనమ్మ తలెత్తి రూఫస్ మూతికంటిన నెయ్యిని చూసింది. ఇలాంటివాడికి జవాబు చెప్పడం కూడా దుబారాయే అనుకుంది.

బయల్దేరేటప్పుడు షారన్ నవ్వాపుకుంటూ, "మిగిలింది పట్టుకెళ్తారా దీనమ్మక్కా? రేపు వంట ఖర్చుండదు," అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"కొంచెం పెద్ద డబ్బాలో పెట్టమ్మా," అంది దీనమ్మ, కోటు బొత్తాలు పెట్టుకుంటూ.