పురుగుల ఇంట్లో ప్రాయశ్చిత్తం

అమ్మ పట్టుచీర కట్టుకోవడం మానేసిందని తమ్ముడు ఫోన్లో చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. చింతామణిలో మాది బట్టల అంగడి. చీరల మీద అలిగేవాళ్ళను రోజూ చూస్తూనే ఉంటాను. అంచు నచ్చలేదనో, రంగు పోయిందనో అయి ఉంటుందిలే అనుకున్నాను.

శుక్రవారం మా పుట్టిల్లు దిబ్బూరహళ్ళికి వెళ్ళేసరికి అమ్మ నూలు చీరలో దేవుడి ముందు కూర్చుని ఉంది. పట్టు కట్టుకోకుండా అమ్మ పూజకు కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. ఏళ్ళ తరబడి పూజకు కట్టుకుంటున్న పట్టుచీర, ముదురు పసుపుది, మడిచి పెట్టెలో పెట్టేసింది. హారతి అయ్యేదాకా ఆగి ఏమైందని అడిగాను.

"నువ్వు మేష్ట్రు దగ్గర పాఠాలకు పోతాండావు గదా. ఒగ మాట చెప్పు. నాకు పాపముండాదా?"

ఆ గొంతులో భయం విన్నాక నా నవ్వు ఆగిపోయింది.

సంగతేమిటంటే, ఎవరో పంపిన ప్రవచనం అమ్మ ఫోన్లో వినింది. పట్టు కోసం జీవాన్ని ఉడకబెట్టేవాళ్ళను పైలోకంలో అట్లాగే ఉడకబెడతారట. పెంచి ఇచ్చినవాళ్ళకూ ఆ పాపంలో వాటా ఉంటుందట. మా అమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి పట్టుపురుగులు పెంచుతోంది. మా చదువులు, నా పెళ్ళి, తమ్ముడి బోరుబావి, అన్నీ ఆ పురుగులు కట్టిన గూళ్ళ మీదే నడిచాయి. గూళ్ళు మార్కెట్టుకు పోతాయి, అక్కడి నుంచి దారం తీసేవాళ్ళ దగ్గరికి పోతాయి. వాళ్ళు వాటిని వేడినీళ్ళలో వేస్తారు. లోపలి పురుగుకు సీతాకోకచిలుకలా రెక్కలొచ్చి, గూడు తొలుచుకుని బయటికొస్తే దారం తెగిపోతుంది కాబట్టి అది బతికుండగానే వేస్తారు. ఆ వేడినీళ్ళ తొట్టిని అమ్మ ఒక్కసారి కూడా చూడలేదు.

"నేను చూడకుంటే, అది లేనట్ల కాదు గదా," అంది.

"అయితే పురుగులు పెట్టడం మానేస్తావా?"

"మానేస్తే నీ తమ్ముడు ఏం తినాల? అది కాదు నేనడిగింది. ఉండాదా, లేదా?"

ఆదివారం చిక్కబళ్ళాపురం పాఠానికి వెళ్ళేటప్పుడు బస్సులో ఆ ప్రశ్నే నాతో కూర్చుంది. నేను ఆ పాఠాలకు పుణ్యం కోసం చేరలేదు. చిన్నప్పటి నుంచి చేతులు జోడించి వింటున్న మంత్రాల్లో అసలేముందో చూద్దామని చేరాను. చెప్పేది రిటైరైన సంస్కృతం మేష్ట్రు. ముందు శాస్త్రాన్ని ఒప్పుకోండి, అర్థం తర్వాత దానంతటదే తెలుస్తుంది అంటారాయన. మొదటి రోజే నన్నడిగారు:

"బాగేపల్లి బోర్డు చూసి బస్సెక్కుతారు గదమ్మా. డ్రైవరుకు దారి తెలుసా లేదా అని పరీక్ష పెడతారా?"

"పరీక్ష పెట్టను మేష్ట్రూ. కానీ ఎక్కేముందు, ఇది బాగేపల్లికి పోతుందా అని కండక్టరును మాత్రం తప్పకుండా అడుగుతా."

ఆయన నవ్వి, "అయితే మీరు అడుగుతానే ఉండండి," అన్నారు. నేను అడుగుతూనే ఉన్నాను. పక్కన కూర్చునేవాళ్ళకు నా మీద విసుగు పుట్టడం నాకు తెలుసు.

ఆ ఆదివారం మరీ విసిగించాను. ఏ ప్రాణినీ నొప్పించకపోవడం అన్నిటికన్నా గొప్ప ధర్మమని శాస్త్రమే అంటుంది. పూజకు పట్టు కట్టుకోండి, దానికి మైల అంటదని కూడా అదే అంటుంది. రెంటినీ ఒప్పుకోవడమెలాగని అడిగాను. పూర్వం పురుగు రెక్కలొచ్చి వెళ్ళిపోయాక మిగిలిన గూళ్ళతోనే దారం తీసేవారేమో అన్నారు మేష్ట్రు.

"ఎవరు చూశారు?" అన్నాను.

"ఎవరూ చూడలేదు. నా ఊహ," అన్నారు. ఆ ఒక్క మాటకే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

అందరూ వెళ్ళిపోయాక అమ్మ సంగతి మొత్తం చెప్పాను. మీ సందేహానికి నా దగ్గర జవాబు లేదు గానీ, మీ అమ్మగారి భయానికి ప్రాయశ్చిత్తం ఉంది అన్నారు. పురుగులు పెంచే చోటే చిన్న హోమం చేసి, నెయ్యీ సాంబ్రాణీ వేసి, ఆ ధూపం అంతటా పట్టించి, ఆ జీవాలను క్షమాపణ అడగాలి. తర్వాత నిశ్చింతగా పట్టు కట్టుకోవచ్చు. ఇంతకాలం ప్రతిదానికీ అడ్డుప్రశ్న వేసిన నేను దీనికి మాత్రం వేయలేదు. అమ్మ మళ్ళీ ఆ పసుపు చీర కట్టుకోవాలి, నాకు కావలసింది అంతే. బజారులో సమిధలు, నెయ్యి, సాంబ్రాణి కొని సంచీలో వేసుకుని నేరుగా దిబ్బూరహళ్ళి బస్సెక్కాను.

అమ్మ పురుగుల షెడ్డులో ఉంది. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి ఉన్నాయి. పొర విడవడానికి ముందు అవి మేత మానేసి కదలకుండా పడి ఉండడాన్ని మా వైపు జ్వరం అంటారు. లేచాక వాటి ఆకలి చెప్పనలవి కాదు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి మేష్ట్రు చెప్పిందంతా చెప్పాను. అమ్మ చేతిలో మల్బరీ ఆకు పట్టుకునే కళ్ళు మూసుకుని వింటోంది, క్షమాపణ అనగానే తల కూడా ఊపింది. ధూపం అనేసరికి కళ్ళు తెరిచింది.

"యాడ? ఈడనా?"

"ఇక్కడే పెట్టాలంటమ్మా."

"పురుగుల కాడ పొగ పెడతారామే యాడన్నా? తాళింపు పెట్టేటప్పుడు గూడా ఆ తలుపేసుకుంటాము. బీడీ తాగినోడిని గడప తొక్కనీము. ఇప్పుడే జ్వరం లేచి తింటాండాయి!"

"శాస్త్రంలో ఉందంటమ్మా."

"ఉంటే ఉండనీ. నా పాపం పోవాలని వాట్ని ఉక్కిరిబిక్కిరి చేయాల్నా?"

అనేసి, తనన్న మాట తనకే వినబడి హడలిపోయింది. ఆకు కింద పడేసి లెంపలేసుకుంది. "అపచారం మాట్లాడితినేమే," అంటూ నా సంచీ వైపు, అందులో దేవుడే ఉన్నట్టుగా దండం పెట్టింది. అయినా ఆ సంచీని గడప లోపల ఉంచనివ్వలేదు. తనే తీసుకెళ్ళి బయట అరుగు మీద పెట్టొచ్చింది.

నేను బయటికి వచ్చి మేష్ట్రుకు ఫోన్ చేసి, జ్వరం లేచిన పురుగులకు పొగ పడదట అని చెప్పాను. "అవునా? పొగ పడదా వాటికి? నాకు తెలియదమ్మా. అయితే వద్దేవద్దు," అన్నారు. ఆ వెంటనే, "జ్వరం అన్నారే, అదేమిటి?" అని అడిగారు. ఎన్నిసార్లు వస్తుంది, అప్పుడు నొప్పి ఉంటుందా, ఎన్నాళ్ళకు లేస్తాయి, వరసగా ప్రశ్నలు. పాఠంలో నేను విసిగించినట్టే నన్ను విసిగించారు. నాకు సంతోషమేసింది.

మళ్ళీ లోపలికి వెళ్ళి అమ్మతో పాటు ఆకు వేయడానికి కూర్చున్నాను. మరికొన్ని రోజుల్లో ఇవన్నీ బాగా ఎదిగి గూళ్ళు కడతాయి. ఆ తర్వాత వేడినీళ్ళే. అది తెలిసిన మనిషి పొగకు ఇంతగా అల్లాడిపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

"పంట పోతుందనా అమ్మా అంత కోపం?"

"పంటా పోతాది. అదొకటే గాదు. ఈడుండేవరకూ మన ఇంట్లోవి గదా," అంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది. "ఇంతకీ చెప్పకపోతివే. ఉండాదా?"

లేదు అనేస్తే అయిపోయేది. పెట్టెలోంచి చీర తీసేది. అమ్మకు నేను చదువుకున్నదాన్ని, నా మాట నమ్మేది. కానీ నా మాట నమ్ముతుందనే నాకు భయమేసింది.

"ఉందనే నాకనిపిస్తోందమ్మా. ఎంతో తెలియదు. కానీ నువ్వు పెంచావు, నేను అంగట్లో అమ్ముతున్నాను, అమ్మి తింటున్నాను. నీకెంతుంటే నాకూ అంతుంటుంది."

ఆకు వేసే చెయ్యి ఆగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"అంగడోళ్ళకు గూడా ఉంటాదా?"

"ఎందుకుండదు?"

అమ్మ నా మొహంలోకి చూసింది. ఇన్ని రోజుల తర్వాత అమ్మ మొహంలో నవ్వు కనబడింది.

"అట్లయితే ఒగే చోటికే పోతాము లే ఇద్దరమూ," అంది. "ఆ పక్క ఆకు తక్కువైంది, ఎయ్యి."